ఈమెయిలు ఉత్తరము ఎన్ని చేతులు మారి గ్రామము చేరును?

గత సంవత్సరము ఒక గ్రామపంచాయతీ కార్యాలయమునకు పోయినపుడు అచటి సర్పంచిగారు నాతో ఒక చిక్కును చెప్పిరి. హైదరాబాదు హైటెక్ సిటీలోని ఒక సంస్థ ఆ గ్రామపు ఉన్నత పాఠశాలకు పది కంప్యూటర్లు ఇచ్చుటకు ఒప్పుకొని, పంచాయతీ తీర్మానపు నకలును పదునైదు దినములలో పంపవలసినదిగా పంచాయతీ ఈమెయిలు చిరునామాకు వ్రాసినదట. ఆ ఉత్తరము పంచాయతీవారి కంటబడలేదు. గడువు దాటినది. కంప్యూటర్లు మరియొక గ్రామమునకు పోయినవి. “పంపితిమని వారందురు, రాలేదని మేమందుము. ఇందులో అబద్ధమాడినవారెవరు?” అని ఆయన అడిగిరి.

విచారింపగా ఇరుపక్షములవారును నిజమే చెప్పుచున్నారని తేలినది. ఉత్తరము బయలుదేరినది, పంచాయతీ చిరునామాగల చోటికి చేరినది కూడ. ఐనను పంచాయతీకి అందలేదు. ఈ వింత ఎట్లు సంభవించెనో గ్రహింపవలెనన్న ఈమెయిలు ఉత్తరము నడచు దారిని మొదటినుండి తెలిసికొనవలెను. పంచాయతీ సభ్యులకు ఇది కేవలము వినోదము కొరకు కాదు. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము 135వ విభాగము ననుసరించి, నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో కనీసము నూటికి 2 వంతున సంఘ ప్రయోజనములకు వెచ్చింపవలెను. అట్టి కంపెనీలకు పంచాయతీలు విజ్ఞప్తులు పంపుచున్నవి. జవాబులు మాత్రము కాగితముపై వచ్చుట అరుదైనది.

మాదాపూరు నుండి బయలుదేరు ఉత్తరము

హైటెక్ సిటీ అని ఈనాడు దేశదేశములవారు పిలుచు ప్రాంతము ఒక తరము క్రిందట బండరాళ్లును చెలకలును గల పల్లెపట్టు. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ, ఇవన్నియు గ్రామముల పేర్లే. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అదే సంవత్సరము మైక్రోసాఫ్టు సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు వసతి దొరకి అప్పటికి మూడేండ్లే; 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ దానిని ఆరంభించినది.

ఆ భవనములలో ఒకదానియందు కూర్చున్న ఉద్యోగి పంచాయతీకి ఉత్తరము వ్రాసి, పంపుము అను మీటను నొక్కినాడనుకొందము. ఆ ఉత్తరము తిన్నగా పంచాయతీ కంప్యూటరులోనికి వచ్చి పడునని అనేకులు తలంతురు. అట్లు జరుగదు. మొదట అది ఆ సంస్థకు చెందిన మెయిలు సర్వరునకు చేరును. సర్వరు అనగా రాత్రింబగళ్లు మేల్కొనియుండి ఇతర కంప్యూటర్ల కోర్కెలను తీర్చు ఒక కంప్యూటరు. ఉత్తరములను పుచ్చుకొనుట, వాటి చిరునామా చూచుట, తరువాతి చోటికి అందించుట అను పనులకై దానిలో ఒక సాఫ్ట్‌వేరు నడచుచుండును. మన బ్రాంచి పోస్టాఫీసు, జిల్లా కేంద్రపు హెడ్ పోస్టాఫీసు, ఒకప్పుడు రైలులో తపాలా వేరుచేసిన ఆర్.ఎం.ఎస్. బండి, ఈ మూటి పనియు ఇదొక్కటియే చేయునని చెప్పవచ్చును.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. మాదాపూరులోని సంస్థ గచ్చిబౌలిలోని సంస్థకు వ్రాసిన ఉత్తరము కొద్ది కిలోమీటర్ల దూరము పోవుటకు బొంబాయి మీదుగనో, సింగపూరు మీదుగనో పోయి రావచ్చును. పెక్కు సంస్థలు సొంత సర్వరును భవనములో నుంచుకొనక, పెద్ద కంపెనీల సర్వరులలో చోటును అద్దెకు తీసికొనుచున్నవి. ఆ సర్వరులు ఎచటనుండిన ఉత్తరము అచటికి పోవలసినదే. హైదరాబాదు పరిసరములలోను ఇట్టి కేంద్రములు వెలసినవి. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో తన కేంద్రములను ఇచట ప్రారంభించినది. ఐనను ఏ సంస్థ ఉత్తరములు ఎక్కడ నిలువయుండునో అది ఆ సంస్థ చేసికొనిన ఒప్పందమును బట్టి యుండును గాని, దాని భవనమున్న చోటును బట్టి యుండదు.

చిరునామాలో ఎట్ అను గుర్తు ఒకటి యుండును. 1971లో అమెరికా దేశస్థుడైన రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక దానికి ఉత్తరము పంపు ఏర్పాటు చేయుచు ఈ గుర్తును ఎన్నుకొనెను. గుర్తునకు ముందున్నది మనిషి పేరు. వెనుకనున్నది ఊరి పేరు వంటిది. పంపు సర్వరు మొదట మనిషి పేరును పట్టించుకొనదు. ఊరి పేరును మాత్రమే తీసికొని, ఆ పేరునకు ఉత్తరములు పుచ్చుకొను సర్వరు ఏదని ఇంటర్నెట్టులోని పేర్ల పట్టికను అడుగును. పట్టికలో ఒకటికి రెండు మూడు సర్వరులు వ్రాసియుండవచ్చును. ప్రతి దానికిని ఒక అంకె యుండును. అంకె తక్కువగలదానిని ముందు ప్రయత్నింపవలెను. అది పలుకనిచో తరువాతి దానికి పోవలెను. మునసబుగారు ఊరిలో లేకున్న కరణముగారి వద్ద కాగితము ఇచ్చివచ్చినట్లు.

రెండు సర్వరుల సంభాషణ

ఒక సర్వరు మరియొక సర్వరుతో మాటలాడు పద్ధతిని 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అను అమెరికా శాస్త్రవేత్త వ్రాతపూర్వకముగా ప్రకటించెను. దానికి ఎస్.ఎం.టి.పి. అని పేరు. తరువాత దానిని సవరించి 2008లో తిరిగి ప్రకటించిరి గాని, మూలసూత్రములు మారలేదు. నలుబదియేండ్లు దాటినను ప్రపంచమునందలి ఈమెయిలు ఉత్తరములు ఈ పద్ధతిమీదనే చేతులు మారుచున్నవి.

ఆ సంభాషణ మిక్కిలి క్లుప్తము. ముఖ్యమైన మాటలన్నియు ఆంగ్లమున నాలుగేసి అక్షరములవి. అందువలననే ‘హలో’ అనవలసినచోట ఒక అక్షరము తగ్గించి పలుకుదురు. వచ్చిన సర్వరు తలుపు తట్టగా లోపలి సర్వరు 220 అను అంకెతో స్వాగతము చెప్పును. వచ్చినది తన పేరు చెప్పుకొనును. పిమ్మట ‘ఈ ఉత్తరము ఫలానావారినుండి’ యని ఒక మాట, ‘ఫలానావారికి’ అని మరియొక మాట. ఈ ‘ఫలానావారికి’ అనుచోట లోపలి సర్వరు తన జాబితా చూచుకొనును. అట్టి మనిషి కలడన్న 250 అనును. లేడన్న 550 అని అచటనే త్రిప్పికొట్టును. ఒప్పుకొనినచో ఉత్తరమంతయు చదివి వినిపించి, చివరకు ఒక పంక్తిలో చుక్క ఒక్కటి మాత్రము పెట్టి ముగింతురు. దానికి లోపలి సర్వరు మరల 250 అనును. ఇంతటితో సంభాషణ సమాప్తము.

ఈ చివరి 250 అను అంకె యెడల పాఠకులు శ్రద్ధ వహింతురు గాక. దాని అర్థము ‘అందినది’ అని మాత్రమే కాదు. ‘ఇక దీని బాధ్యత నాది. చేర్చినచో చేర్చెదను, చేర్చలేనిచో పంపినవారికి ఆ సంగతి తెలియజేసెదను’ అని అర్థము. నియమములలో ఈ బాధ్యత స్పష్టముగా వ్రాయబడి యున్నది. కరెంటు పోయినదనియో, యంత్రము ఆగినదనియో ఉత్తరమును పోగొట్టుకొనరాదు. అందుచేత మంచి సాఫ్ట్‌వేరు ఉత్తరమును డిస్కుమీద భద్రముగా వ్రాసికొనిన పిమ్మటనే 250 అని పలుకును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఎరిక్ ఆల్మన్ నిర్మించిన సెండ్‌మెయిల్, 1998లో వీట్సె వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్, ఇవి యీ పనికి ప్రసిద్ధిచెందిన సాఫ్ట్‌వేరులు. మైక్రోసాఫ్టువారి ఎక్స్‌చేంజి అనేక కార్యాలయములలో వాడుకలో నున్నది.

250 అను మాట పలికినది సర్వరు గాని మనిషి కాదు. ఉత్తరము మనిషి కంటబడినదని చెప్పు మాట ఈ సంభాషణలో ఎచటను లేదు. తపాలాలో అక్నాలెడ్జిమెంటు కార్డు మీద సంతకము వచ్చినట్లు (రిజిస్టరు తపాలాయు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయినది) ఇచట సంతకము రాదు. చదివినట్లు రసీదు కోరు వసతి కొన్నిట నున్నది గాని, దానిని ఇచ్చుటయు మానుటయు చదువువాని యిష్టము.

వరుసలో నిలిచియున్న ఉత్తరములు

అంకెలలో 4తో మొదలగునవియు 5తో మొదలగునవియు వేరు వేరు. 5 అనగా ఖండితమైన తిరస్కారము, మరల రావలదు. 4 అనగా ‘ఇప్పుడు కాదు, తరువాత రండు’. ఒక సర్వరు పనిలో మునిగియుండవచ్చును, చేరవలసినవాని పెట్టె నిండియుండవచ్చును, లేదా తెలియనివారు మొదటిసారి వచ్చినపుడు పరీక్షార్థము ‘తరువాత రండు’ అనవచ్చును. నిజమైన సర్వరు ఓపికతో తిరిగివచ్చును. మోసపు ఉత్తరములు వేలకు వేలు విసరుచు పోవునది తిరిగిరాదు. ఈ యుక్తి చాలకాలము పనిచేసినది.

‘తరువాత రండు’ అనిపించుకొనిన ఉత్తరము పంపు సర్వరులోని వరుసలో నిలిచి యుండును. మరల ప్రయత్నించుటకు నడుమ అరగంటయైనను ఆగవలెననియు, నాలుగైదు దినముల వరకు ఆశ వదలరాదనియు నియమములలో సూచింపబడినది. పోస్ట్‌ఫిక్స్‌లో ప్రత్యేకముగా మార్చుకొననిచో ఐదు దినములు గడువు. ఆ గడువు ముగిసిన పిమ్మట ‘చేర్చలేకపోతిమి’ అని పంపినవారికి ఒక తిరుగు ఉత్తరము పోవును. కావున సోమవారము పంపిన ఉత్తరము చేరలేదన్న సంగతి శనివారము గాని తెలియకపోవచ్చును. టెండరు గడువు బుధవారమైనచో ఆ తిరుగు ఉత్తరము వలన ప్రయోజనమేమి? గడువుగల పనులలో ఈమెయిలు పంపి ఊరకుండక టెలిఫోనులో ‘అందినదా’ యని అడుగుట చాదస్తము కాదు.

తిరుగు ఉత్తరమునకు పంపినవాని చిరునామా ఖాళీగా నుంతురు. ఎందుకన, అది కూడ చేరక మరల తిరిగివచ్చినచో, దాని తిరుగు ఉత్తరము, దానికి మరియొక తిరుగు ఉత్తరము, ఇట్లు రెండు సర్వరులు ఆచంద్రార్కము ఉత్తరములు వ్రాసికొనుచుండును. ఖాళీ చిరునామా చూచిన సర్వరు దానికి జవాబు వ్రాయదు.

దారి మళ్లింపు

ఇప్పుడు మన గ్రామపు చిక్కునకు వత్తము. పంచాయతీ ఈమెయిలు పెట్టెను పూర్వపు కార్యదర్శి ఒకరు తెరచి యుండిరి. రెండు పెట్టెలను దినదినము చూచుకొనుట శ్రమయని, పంచాయతీకి వచ్చు ఉత్తరములన్నియు తన సొంత పెట్టెకు పోవునట్లు ఒక ఆదేశము వ్రాసియుంచిరి. ఇందు దురుద్దేశమేమియు లేదు. సొంత పెట్టె చేతి ఫోనులోనే యుండును గనుక పని త్వరగా జరుగునని తలంచిరి. రెండేండ్లు అట్లే జరిగినది కూడ. పిమ్మట ఆయనకు బదిలీ అయినది. ఆదేశము మాత్రము బదిలీ కాలేదు.

ఈమెయిలులో దారి మళ్లింపు అనునది రెండు విధములు. వీనిని కలగాపులగము చేయుటవలననే అనేక తగవులు వచ్చుచున్నవి. మనిషి ఒక ఉత్తరమును చదివి, ఫార్వర్డు మీట నొక్కి మరియొకరికి పంపుట ఒకటి. అది క్రొత్త ఉత్తరము. పంపినవాడు ఆ మనిషి. సర్వరే తనంతట తాను ప్రతి ఉత్తరమును వేరొక చిరునామాకు త్రిప్పుట రెండవది. ఇందులో లోపలి ఉత్తరము చెక్కుచెదరదు. కవరుపై ‘ఎవరికి’ అను చోటు మాత్రము మారును, ‘ఎవరినుండి’ అనునది తొలుత పంపినవాని పేరుగానే యుండును. ఇల్లు మారినవాని ఉత్తరముపై పోస్టుమాను పాత చిరునామా కొట్టివేసి క్రొత్తది వ్రాసినట్లు. (సంఘములవారు ఒకే ఉత్తరమును వందలమంది సభ్యులకు పంచు పద్ధతిలో ‘ఎవరినుండి’ అను చోట సంఘము పేరే వ్రాయబడును, చేరనివాని సంగతి సంఘమునకు తెలియును గాని మొదట వ్రాసినవానికి తెలియదు. అది వేరు.)

మన కథలో జరిగినది రెండవది. సంస్థ పంపిన ఉత్తరము పంచాయతీ పెట్టెగల సర్వరునకు చేరినది. అది 250 అని పలికినది. ఇచట సంస్థవారి నిజము పూర్తియైనది. ఆ సర్వరు ఆదేశమును చూచి, పంచాయతీ పెట్టెలో నకలు నుంచక (నకలు నుంచు వసతి యున్నను ఆనాడు దానిని ఎన్నుకొనలేదు) ఉత్తరమును పూర్వపు కార్యదర్శి సొంత పెట్టెకు పంపినది. ఆ పెట్టె నిండిపోయి యున్నది. బదిలీ అయిన పిమ్మట ఆయన వేరొక చిరునామా వాడుచుండిరి. అచటి సర్వరు 452 అనినది, అనగా ‘చోటు లేదు, తరువాత రండు’. ఐదు దినములు తిరిగి తిరిగి, చివరకు ‘చేర్చలేకపోతిమి’ అని తిరుగు ఉత్తరము పుట్టినది. అది ఎవరికి పోవలెను? కవరుపై ‘ఎవరినుండి’ యని యున్నవారికి, అనగా సంస్థకు. ఆ సంస్థ ప్రకటనలు పంపుటకు వాడు చిరునామా ఎవరును తెరచి చూడనిది. అటువంటి చిరునామానుండి ఉత్తరము వచ్చినపుడు క్రింద ‘దీనికి జవాబు వ్రాయవలదు’ అని యుండుట చదువరులు చూచియుందురు. తిరుగు ఉత్తరము ఆ దిక్కులేని పెట్టెలో పడి మాసములు గడచినవి. సర్పంచిగారు పట్టుబట్టి అడుగగా ఆ సంస్థ ఉద్యోగి ఒకరు ఓపికతో దానిని వెదకి తీసిరి. అందులో తమకు తెలియని ఒక మనిషి చిరునామా కనబడుటచే వారికిని మొదట ఏమియు బోధపడలేదు.

ఇందులో ఏ యంత్రమును తన నియమమును తప్పలేదు. సాఫ్ట్‌వేరు తనకు చెప్పినట్లే చేసినది. ఇరువైపులను మనుష్యులే చూడవలసినచోట చూడలేదు.

దారి మళ్లింపులో ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు మరియొకటి కలదు. మొదటి రోజులలో ఏ సర్వరైనను ఎవరి ఉత్తరమునైనను పుచ్చుకొని ముందునకు అందించుట మర్యాదగా నుండెను. 1990 తరువాత వర్తక ప్రకటనలు వెదజల్లువారును మోసగాండ్రును ఆ మర్యాదను వాడుకొని లక్షలకొలది ఉత్తరములు పంపసాగిరి. దానితో సర్వరులు తలుపులు మూసికొనినవి. తమవారి ఉత్తరములను, తమవారికి వచ్చు ఉత్తరములను మాత్రమే ముట్టుచున్నవి. అంతటితో ఆగక, ‘మా పేరుతో ఉత్తరము తెచ్చుటకు ఈ సర్వరులకు మాత్రమే అధికారము’ అని ప్రతి సంస్థయు పేర్ల పట్టికలో ప్రకటించు ఏర్పాటు వచ్చినది. దీనిని ఎస్.పి.ఎఫ్. అందురు. దొంగలకు ఇది అడ్డుకట్టయే. కాని దారి మళ్లింపునకును అడ్డుకట్టయైనది. ఎట్లనగా, పంచాయతీ ఉత్తరములు పుచ్చుకొను సర్వరు సంస్థ పేరుగల కవరును పట్టుకొని మూడవ సర్వరు వద్దకు పోవును. మూడవ సర్వరు పట్టిక చూచి ‘ఈ పేరుతో ఉత్తరము తెచ్చుటకు నీకు అధికారము లేదే’ యని అనుమానించును. న్యాయమైన ఉత్తరమే దొంగ ఉత్తరమువలె కనబడును.

దీనికి విరుగుడుగా డి.కె.ఐ.ఎం. అను ముద్ర వచ్చినది. పంపు సంస్థ ఉత్తరముపై గణితశాస్త్ర సంబంధమైన ఒక ముద్ర వేయును. ఉత్తరములోని అక్షరము మారకున్నంతవరకు ఎన్ని చేతులు మారినను ముద్ర చెల్లును. ఈ రెంటిలో ఒకటియైనను పంపినవాని పేరుతో సరిపోవలెనని, లేనిచో ఉత్తరమును ఏమి చేయవలెనో పేరుగల సంస్థయే నిర్దేశించు మూడవ ఏర్పాటు డిమార్క్. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో ఉత్తరములు పంపువారు ఈ మూటిని పాటించవలెనని పట్టుబట్టుచున్నవి.

దారి మళ్లింపులు ఒకదానికొకటి ఎదురైనచో హాస్యాస్పదముగా నుండును. ఒక ఉద్యోగి తన ఉత్తరములు తన మిత్రునికి పోవునట్లును, ఆ మిత్రుడు తనవి ఇతనికి వచ్చునట్లును ఏర్పాటు చేసికొని ఇరువురును సెలవుపై పోయిరనుకొందము. ఉత్తరము బంతివలె అటునిటు పోవుచుండును. దీనిని ఆపుటకై ప్రతి సర్వరును ఉత్తరము పైభాగమున ‘ఫలానా సమయమున నేను పుచ్చుకొంటిని’ యని ఒక పంక్తి వ్రాయును. పంక్తులు హద్దు దాటినచో, పోస్ట్‌ఫిక్స్‌లో సాధారణముగా 50 దాటినచో, ఇది గానుగెద్దు నడకయని గ్రహించి ఉత్తరమును తిప్పి పంపును.

ఆ పంక్తులు పోస్టాఫీసు ముద్రలవంటివి. మామూలుగా కంటికి కనబడవు; ఉత్తరపు మూలరూపమును చూపుమను మీట నొక్కిన కనబడును. క్రిందినుండి పైకి చదువవలెను, ఏలయన ప్రతి సర్వరు తన పంక్తిని పైన అంటించును. ఉత్తరము ఏ సర్వరులో ఎంతసేపు ఆగెనో అందు తెలియును. ఆలస్యమైన ఉత్తరముపై తగవు వచ్చినపుడు కార్యదర్శిగారు ఈ మూలరూపమును అచ్చుతీసి దస్త్రములో నుంచుట మంచిది. కాని ఒక హెచ్చరిక: మన సర్వరు వ్రాసిన పంక్తిని నమ్మవచ్చును, దాని క్రిందివి మోసగాడు ముందే కల్పించి వ్రాసినవి కావచ్చును.

కవరు ఒకటి, ఉత్తరము మరియొకటి

పైన కవరు, లోపలి ఉత్తరము అని వేరుచేసి చెప్పుటకు కారణము కలదు. సర్వరులు నడచుకొనునది కవరును బట్టి. చదువరికి తెరపై కనబడు ‘ఎవరినుండి’ అను పేరు లోపలి ఉత్తరములోనిది. లోపల ‘జిల్లా కలెక్టరు’ అని యెవడైనను వ్రాయవచ్చును. కాగితపు ఉత్తరములో క్రింద కలెక్టరుగారి పేరు వ్రాసి డబ్బాలో పడవేసినను పోస్టుమాను తెచ్చియిచ్చును గదా! ఇచట డిమార్క్ కొంత రక్షణ. ఐనను కలెక్టరుగారి పేరును పెట్టుకొని, ఎట్ గుర్తు వెనుక మరేదో పేరుగల చిరునామానుండి వచ్చినదానిని అది ఆపదు. ‘నిధులు మంజూరైనవి, రుసుము కట్టుడు, ఖాతా వివరములు పంపుడు’ అనునట్టి ఉత్తరము వచ్చినపుడు పేరును గాక, గుర్తు వెనుకనున్న దానిని అక్షరమక్షరము చూడవలెను. ప్రభుత్వ చిరునామాలు మన దేశమున జీఓవీ డాట్ ఇన్ అనియో ఎన్ఐసీ డాట్ ఇన్ అనియో ముగియును. మోసమున సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు టెలిఫోను చేయవలెను.

దీనికి ప్రతిగా, నిజమైన ఉత్తరమే దొంగదని భావింపబడి స్పామ్ అను పెట్టెలో పడుట కలదు. సర్వరు 250 అని పుచ్చుకొనిన పిమ్మట అట్లు పడవేయును గనుక తిరుగు ఉత్తరము పోదు. పంపినవారికిని తెలియదు, అందవలసినవారికిని తెలియదు. అచటి ఉత్తరములు కొన్ని దినములకు వాటంతట అవియే చెరిగిపోవును. నా యభిప్రాయమున, గ్రామములకు రావలసిన ఉత్తరములు కనబడకపోవుటకు సాంకేతిక విఘ్నములకన్న ఈ చూడని పెట్టెయే పెద్ద కారణము.

తెలుగులో వ్రాసిన ఉత్తరము ఇంత దూరమును చెడక వచ్చునా యను ప్రశ్న సభలలో తరచు వినబడును. 1982 నాటి పద్ధతి ఆంగ్లాక్షరములకు మాత్రమే సరిపోవునది. 1992లో వచ్చిన మైమ్ అను ఏర్పాటు వలన తెలుగు అక్షరములను ఆంగ్లాక్షరముల సంకేతముగా మార్చి పంపి, చేరినచోట తిరిగి తెలుగుగా మార్చుట సాధ్యమైనది. వెనుకటి రోజులలో తెలుగు ఉత్తరము తెరచిన వరుసగా ప్రశ్నార్థకములు కనబడుటకు కారణము దారిలోని దోషము కన్న, ఇరుచోట్ల అక్షరముల ఏర్పాటు ఒకటి కాకపోవుటయే. యూనికోడ్ వాడినచో ఆ బాధ లేదు. చిరునామాను సైతము తెలుగులో వ్రాయుటకు 2012లో నియమములు వచ్చినవి. భారత్ అను తెలుగు పేరు ఇంటర్నెట్టు పట్టికలో నెలకొనియున్నది. దారిలోని ప్రతి సర్వరును ఆ క్రొత్త నియమమును అంగీకరించినపుడే అట్టి చిరునామాకు ఉత్తరము చేరును గనుక, పంచాయతీలు ఇంకను ఆంగ్లాక్షరముల చిరునామానే ప్రధానముగా నుంచుకొనుట క్షేమము.

ఆ గ్రామమున చేసిన ఏర్పాటు

సర్పంచిగారును సభ్యులును క్రొత్త కార్యదర్శితో కలిసి పంచాయతీ పెట్టెను తెరచి, దారి మళ్లింపు ఆదేశమును తీసివేసిరి. భారత ప్రభుత్వము 2015లో ప్రకటించిన ఈమెయిలు విధానమున, ప్రభుత్వ చిరునామాకు వచ్చు ఉత్తరములను ఉద్యోగి సొంత చిరునామాకు మళ్లించుట భద్రతా కారణములచే నిషేధింపబడి యున్నదన్న సంగతి వారికి అప్పుడే తెలిసినది. రహస్యపదమును మార్చి, దానిని మూసిన కవరులో బీరువాయందుంచి, కార్యదర్శి మారినపుడు చార్జి జాబితాలో తాళముచెవులు, నగదు పుస్తకము, ముద్రలతోపాటు ఈమెయిలు పెట్టెను కూడ చేర్చవలెనని తీర్మానించిరి. దారి మళ్లింపు ఆదేశములు ఏవైన నున్నవా యని క్రొత్తవారు చూచి సంతకము చేయవలెను. ఉప సర్పంచిగారు ఒక అభ్యంతరము చెప్పిరి: ‘రోజూ ఎవరు చూచెదరు?’ అని. కొంత వాదన జరిగినది. చివరకు సోమవారము, గురువారము ఉదయము పెట్టెను, దానితోపాటు స్పామ్ పెట్టెను తెరచి, తపాలు వచ్చినట్లే ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించుటకు ఒప్పుకొనిరి. సంస్థలకు వ్రాయునపుడు జవాబు వ్రాయదగిన మనిషి చిరునామాయు టెలిఫోను సంఖ్యయు కోరుట అలవాటు చేసికొనిరి.

ఈ సంవత్సరము అదే సంస్థకు మరల విజ్ఞప్తి పంపిరి. జవాబు పదునొకండు దినములకు వచ్చినది. ఇన్‌వర్డు రిజిస్టరులో దాని సంఖ్యకు ఎదురుగా కార్యదర్శిగారు ఎఱ్ఱసిరాతో ‘స్పామ్ పెట్టె నుండి తీయబడినది’ అని వ్రాసియుంచిరి.